రిఫండ్ ఆగింది, బాకీ ఎక్కడిది? ఒహాయో వర్కర్స్ కాంప్ ఫైళ్లతో నా అనుభవం

ఒహాయోలో స్టేట్ రిఫండ్ రాకుండా దాని బదులు ఒక ఉత్తరం వచ్చి, అందులో అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి) పేరు కనిపిస్తే, తమ మీద కేసు పడిందని చాలామంది కంగారుపడతారు. కేసు కాదు. పాత బాకీ ఏదో రాష్ట్రానికి రావాల్సి ఉంది, మీకు ఇవ్వాల్సిన డబ్బును అందులో జమ కట్టుకున్నారు. చిన్న వ్యాపారాల పద్దులు చూసే పనిలో ఇలాంటి ఉత్తరాలు ఎక్కువగా రెస్టారెంటు, గ్యాస్ స్టేషన్, డేకేర్ లాంటివి నడిపి మూసేసినవాళ్ల దగ్గరి నుంచి వస్తాయి. వాటిలో వర్కర్స్ కాంప్ (వర్కర్స్ కాంపెన్సేషన్, పనిలో గాయపడే ఉద్యోగుల కోసం యజమాని తీసుకోవాల్సిన బీమా) బాకీది ప్రత్యేకమైన తీరు. ఆ అంకె చాలాసార్లు నిజమైన అంకె కాదు, అంచనా. అందుకే ఇలాంటి ఫైల్లో బేరం కంటే ముందు అంకెను సరిచేయిస్తాను.

మొదట చట్టం. ఒహాయో రివైజ్డ్ కోడ్ 5747.12 సెక్షన్ ప్రకారం, ఇన్‌కమ్ టాక్స్ రిఫండ్ రావాల్సిన వ్యక్తి రాష్ట్రానికి బాకీ ఉంటే ఆ రిఫండును బాకీకి మళ్లించవచ్చు. ఏయే బాకీలకో సెక్షన్‌లోనే రాశారు: పన్నులు, నిరుద్యోగ భృతి నిధికి యజమాని కట్టాల్సిన వాటా, వాటితో పాటు పేరు పెట్టి మరీ వర్కర్స్ కాంపెన్సేషన్ ప్రీమియం. దాని మీద పడ్డ జరిమానా, వడ్డీ, వసూలు ఖర్చులు కూడా ఇందులోకే వస్తాయి. వ్యాపారాల మీద వేసే కమర్షియల్ యాక్టివిటీ టాక్స్ రిఫండుకూ ఇలాంటి సెక్షనే ఉంది, 5751.081. లాటరీలో పెద్ద మొత్తం తగిలినా రాష్ట్రం ముందు తన బాకీ చూసుకుంటుంది.

ఒహాయోలో వర్కర్స్ కాంప్ రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఎందుకుందో తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. చాలా రాష్ట్రాల్లో ఈ బీమా ప్రైవేటు కంపెనీల దగ్గర కొంటారు. ఒహాయో, వాషింగ్టన్, నార్త్ డకోటా, వయోమింగ్ ఈ నాలుగింటిలో రాష్ట్ర నిధి నుంచే కొనాలి. ఒహాయోలో ఆ నిధిని నడిపేది బ్యూరో ఆఫ్ వర్కర్స్ కాంపెన్సేషన్, అందరూ బీడబ్ల్యూసీ అంటారు. సొంత పూచీ మీద నడుపుకోవడానికి అనుమతి పొందిన పెద్ద కంపెనీలు తప్ప, ఒక్క ఉద్యోగి ఉన్న యజమానికైనా ఇది తప్పదు. ప్రైవేటు బీమా కంపెనీకి ప్రీమియం కట్టకపోతే పాలసీ రద్దు చేసి వాళ్ల దారిన వాళ్లు వసూలు చూసుకుంటారు. ఇక్కడ ప్రీమియం అంటేనే రాష్ట్రానికి ఇవ్వాల్సిన సొమ్ము. పన్ను శాఖ, అటార్నీ జనరల్ ఆఫీసు, బీడబ్ల్యూసీ మూడూ ఒకే ప్రభుత్వంలోవి కాబట్టి రిఫండ్ మళ్లించడం వాళ్లకు పెద్ద పని కాదు.

ఇంకో సంగతి, దీన్ని ఇళ్లలో ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో పిల్లల్ని చూసుకోవడానికో వంటకో పెట్టుకున్న మనిషికి ఒక క్వార్టర్‌లో 160 డాలర్లు, ఆపైన ఇస్తే ఒహాయో చట్టంలో ఆ కుటుంబమూ యజమానే. వ్యాపారమే లేని జీతగాళ్లు కూడా ఈ లెక్కలోకి ఇలా వచ్చి పడతారు.

ఇక ప్రీమియం లెక్క. ప్రైవేటు యజమానులకు పాలసీ ఏడాది జులై 1 నుంచి జూన్ 30 వరకు. 2015 జులై నుంచి ముందస్తు బిల్లింగ్ వచ్చింది. అంటే ఏడాది మొదలయ్యేలోపే బీడబ్ల్యూసీ మీ పేరోల్‌ను (మీరిచ్చే మొత్తం జీతాలను) అంచనా వేసి, చేసే పనిని బట్టి ఉండే క్లాస్ కోడ్ రేటుతో, ప్రతి 100 డాలర్ల జీతానికి ఇంత అని గుణించి బిల్లు పంపుతుంది. దాన్ని ఏడాదికొకసారో, ఆరు నెలలకో, మూడు నెలలకో, నెలనెలా అయినా కట్టుకోవచ్చు. ఏడాది ముగిశాక అసలు పేరోల్ ఎంతో మీరు చెప్పాలి. దీన్ని ట్రూ-అప్ అంటారు. గడువు ఆగస్టు మధ్యలో వస్తుంది. ఆన్‌లైన్‌లో గానీ ఫోన్‌లో గానీ చేయాలి. జీతాలు ఎవరికీ ఇవ్వకపోయినా సున్నా అని చెప్పి తీరాలి, అంచనా, అసలు ఒకటే అయినా చెప్పాలి. ఈ మాట ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే, ఎందుకంటే బాకీలు పుట్టే చోటు ఇదే.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం, అంకెలు లెక్క కోసం మాత్రమే. రెస్టారెంటు పేరోల్ అంచనా ఏడాదికి 1,80,000 డాలర్లు, రేటు 100కి 1.50 అనుకుంటే ప్రీమియం 2,700. సెప్టెంబరు చివర్లో రెస్టారెంటు మూసేశారు. మూడు నెలల జీతాలు 45,000, కాబట్టి నిజంగా కట్టాల్సింది 675. అయితే మూసేసిన హడావిడిలో లీజు, సేల్స్ టాక్స్ లైసెన్సు, బ్యాంకు ఖాతా అన్నీ ముగించారు గానీ బీడబ్ల్యూసీకి చెప్పలేదు. ట్రూ-అప్ చేయలేదు. మరి బీడబ్ల్యూసీకి తెలిసేదెలా? దాని పుస్తకంలో రెస్టారెంటు ఇంకా నడుస్తూనే ఉంటుంది. 675 కట్టాల్సిన చోట 2,700 నిలుస్తుంది. దాని మీద ఆలస్య రుసుములు, వడ్డీ. పాలసీ తెరిచే ఉంటే తర్వాతి ఏడాది అంచనా కూడా వచ్చి చేరవచ్చు. ఉత్తరాలన్నీ ఖాళీ చేసిన షాపు చిరునామాకే పోతుంటాయి. రెండేళ్లకు యజమాని ఇంటి చిరునామాకు పన్ను శాఖ నుంచి వచ్చేది మొదటి కబురు అవుతుంది.

మూసేటప్పుడు ఇవ్వాల్సింది యూ-117 ఫారం, పాలసీ వివరాల మార్పు కోసం ఉన్నది. అందులో చివరిగా జీతం ఇచ్చిన తేదీ ముఖ్యం, షాపుకు తాళం వేసిన తేదీ కాదు. వ్యాపారాన్ని అమ్మితే యూ-118. ఈ రెండూ ఎవరూ అడిగి తీసుకోరు, మనమే పంపాలి.

బాకీ మన రిఫండ్ దాకా రావడానికి మధ్యలో కొన్ని మెట్లున్నాయి. ప్రీమియం గానీ పేరోల్ రిపోర్టు గానీ ఇవ్వని యజమానికి 4123.37 సెక్షన్ కింద బీడబ్ల్యూసీ సర్టిఫైడ్ మెయిల్‌లో అసెస్‌మెంట్ నోటీసు పంపుతుంది. అది అందిన 20 రోజుల్లోపు పునఃపరిశీలన కోరుతూ పిటిషన్ వేయొచ్చు. పిటిషన్‌లో ఏ అంశానికి అభ్యంతరమో, ఎందుకో విడివిడిగా రాసి, విషయం తెలిసిన మనిషి ప్రమాణపూర్వకంగా సంతకం చేయాలి. "ఈ బిల్లు తప్పు" అని ఒక్క వాక్యం రాసి పంపితే అది పిటిషన్ కాదు. గడువు దాటితే అసెస్‌మెంట్ ఖరారవుతుంది, దాని ప్రతిని కామన్ ప్లీస్ కోర్టు క్లర్కు దగ్గర దాఖలు చేసి తీర్పుగా నమోదు చేయించవచ్చు. రిఫండును జమ కట్టుకోవడం ఖరారైన బాకీలకే వర్తిస్తుంది, అంటే అప్పీలు గడువు అయిపోయినవాటికి. కాబట్టి రిఫండ్ పోయిందంటే ఆ 20 రోజులు ఎప్పుడో గడిచిపోయాయని అర్థం. అయినా దారి మూసుకుపోలేదు, కింద చెప్తాను.

ఇంకోపక్క 131.02 సెక్షన్ ప్రకారం గడువు దాటి 45 రోజులు అయ్యేసరికి ప్రభుత్వ శాఖలు తమ బాకీలను అటార్నీ జనరల్‌కు సర్టిఫై చేసి (ఇంత బాకీ అని అధికారికంగా ధ్రువీకరించి) అప్పగించాలి. అక్కడి నుంచి వసూలు పని అటార్నీ జనరల్ ఆఫీసులోని కలెక్షన్స్ విభాగానిది. కొంతకాలం వాళ్లు ఉత్తరాలు రాస్తారు. తర్వాత స్పెషల్ కౌన్సెల్ అనే ప్రైవేటు లాయర్లకో, కలెక్షన్ ఏజెన్సీకో ఇస్తారు. లాయర్ పేరుతో ఉత్తరం వస్తే మోసమేమో అని పారేసేవాళ్లున్నారు. అనుమానం ఉంటే ఉత్తరంలోని నంబరుకు కాకుండా అటార్నీ జనరల్ ఆఫీసు వెబ్‌సైట్‌లోని నంబరుకే ఫోన్ చేసి ఆ ఖాతా నిజమేనా అని అడగండి.

ఇక అసలు పని. ఉత్తరం పట్టుకుని పన్ను శాఖకు ఫోన్ చేస్తే "బాకీ వివరాలు మా దగ్గర ఉండవు, అటార్నీ జనరల్‌ను అడగండి" అంటారు. అక్కడ "బీడబ్ల్యూసీ మాకు పంపిన అంకె ఇది" అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. అంకెను మార్చగలిగింది బీడబ్ల్యూసీ ఒక్కటే. అందువల్ల అటార్నీ జనరల్ ఆఫీసు నుంచి తీసుకోవాల్సినవి: వాళ్ల ఖాతా నంబరు, ఏ పాలసీ నంబరు మీద బాకీ, ఎన్ని సర్టిఫికేషన్లు, ఒక్కొక్కటి ఏ కాలానికి, ప్రస్తుతం ఫైలు ఎవరి చేతిలో ఉంది. బీడబ్ల్యూసీ వద్ద అంకె తిరిగి చూస్తున్నారని చెప్పి అంతవరకు వసూలు చర్యలు ఆపమని రాతపూర్వకంగా అడగాలి. ఆపుతారా లేదా అన్నది వాళ్ల ఇష్టం, అడగడం మన వంతు.

తర్వాత బీడబ్ల్యూసీ ఆన్‌లైన్ ఖాతాలోకి వెళ్లి ఆ పాలసీ ఇన్‌వాయిస్ చరిత్రంతా దింపుకోవాలి. పాత యూజర్ ఐడీ పోయుంటే ఫోన్ చేసి తెప్పించుకోవచ్చు. అందులో నాలుగు రకాలను వేరుచేసి కాగితం మీద రాసుకుంటాను: అంచనా పేరోల్ మీద వేసిన ప్రీమియం, అసలు పేరోల్ మీద పడ్డ ప్రీమియం, జరిమానా-వడ్డీ, గాయపడ్డ ఉద్యోగి క్లెయిమ్ ఖర్చు. చివరిది ఉంటే ఫైలు స్వభావమే వేరు. లేకపోతే మొదటి దాన్ని రెండో దానిగా మార్చడమే మన పని.

దానికి ఆధారాలు కావాలి. ఆ కాలానికి ఐఆర్ఎస్‌కు (ఫెడరల్ పన్ను శాఖకు) దాఖలు చేసిన 941 ఫారాలు (మూడు నెలలకోసారి ఇచ్చే జీతాల పన్ను లెక్క), డబ్ల్యూ-3 (ఏడాది జీతాల మొత్తం), రాష్ట్ర నిరుద్యోగ భృతి విభాగానికి ఇచ్చిన క్వార్టర్లీ వేతన నివేదికలు. మూడింటిలో అంకెలు ఒకటే చెప్పాలి. 941లో జీతాలు సున్నా అని ఉండి వేతన నివేదికలో ఒక ఉద్యోగి పేరుంటే ముందు దాని సంగతి తేల్చుకున్నాకే బీడబ్ల్యూసీ దగ్గరికి వెళ్లాలి. క్యాష్‌గా ఇచ్చిన జీతాలు ఎక్కడా చూపకపోతే ఆ లెక్క ఇక్కడే బయటపడుతుంది, దానికి చిట్కాలేవీ లేవు. పేరోల్ కంపెనీ చేత చేయించినవాళ్లకు ఇది సులువు, ఆ కంపెనీ నుంచి పేరోల్ రిజిస్టర్ తెప్పిస్తే చాలు. ఇవి జతచేసి, ఆగిపోయిన ఏడాదులకు ట్రూ-అప్ ఇచ్చి, యూ-117తో పాలసీ రద్దు కోరాలి. అంకె మారాక, సవరించిన మొత్తాన్ని అటార్నీ జనరల్‌కు పంపారా అని బీడబ్ల్యూసీని ప్రత్యేకంగా అడగాలి. ఇక్కడే చాలా ఫైళ్లు జారిపోతాయి: బీడబ్ల్యూసీ పుస్తకంలో 675, కలెక్షన్స్ పుస్తకంలో పాత 2,700. రెండు చోట్లా ఒకే అంకె కనిపించేదాకా ఫైలు మూయకూడదు.

బీడబ్ల్యూసీ ఒప్పుకోకపోతే యజమానుల అభ్యంతరాలు వినడానికి అడ్జుడికేటింగ్ కమిటీ అని ఒకటుంది. క్లాస్ కోడ్ తప్పు పడటం, ఒకరి పేరోల్ మరొకరి పాలసీలో చేరడం లాంటివి దాని ముందుకు తీసుకెళ్లదగ్గవి. ఉదాహరణకు ఆఫీసులో మాత్రమే కూర్చునే మనిషిని 8810 కోడ్‌లో చూపాల్సింది పోయి వంటవాళ్లతో కలిపి చూపితే రేటు తేడా బాగానే ఉంటుంది.

అసలు అంకె తేలాకే వాయిదాల మాట. ముందే ఒప్పుకుంటే తప్పు అంకెకు తల ఊపినట్టవుతుంది. ఇంకోటి, నెలనెలా కడుతున్నాం కదా, ఈ ఏడాది రిఫండ్ ముట్టుకోరులే అనుకోవద్దు. ఒప్పందంలో అలా రాసి ఇస్తే తప్ప, కొత్త రిఫండ్ వస్తే అదీ బాకీలోకే పోతుందనుకుని ప్లాన్ వేసుకోండి. ఉద్యోగం చేస్తున్నవాళ్లు జీతంలోంచి స్టేట్ టాక్స్ అవసరానికి మించి కోయించుకుంటుంటే ఎంత కోయాలో యజమానికి చెప్పే ఐటీ-4 ఫారం సరిచేసుకోవచ్చు. మరీ తక్కువ కోయించుకుంటే ఏప్రిల్లో వడ్డీ జరిమానా పడుతుంది, ఆ తెలివి కొంచెం చూసుకుని వాడాలి.

ఫెడరల్ రిఫండ్ సంగతి విడిగా చెప్పాలి, ఇక్కడ గందరగోళం ఎక్కువ. ఫెడరల్ చట్టంలో 6402 సెక్షన్ రాష్ట్రాల కోసం ఫెడరల్ రిఫండ్ ఆపడానికి వీలిచ్చే బాకీలు కొన్నే: పిల్లల పోషణ బాకీ, రాష్ట్ర ఇన్‌కమ్ టాక్స్ బాకీ, నిరుద్యోగ భృతికి సంబంధించిన కొన్ని బాకీలు. వర్కర్స్ కాంప్ ప్రీమియం ఈ జాబితాలో లేదు. అదే మనిషి నిరుద్యోగ భృతి నిధికి యజమాని వాటా ఎగ్గొట్టి ఉంటే దానికి ఫెడరల్ రిఫండ్ కూడా పోవచ్చు. మూసేసిన వ్యాపారాల్లో ఈ రెండు బాకీలూ సాధారణంగా జంటగానే ఉంటాయి కాబట్టి, ఫెడరల్ డబ్బు ఆగితే బీడబ్ల్యూసీని నిందించకుండా ఉత్తరంలో ఏ శాఖ పేరుందో చూడండి. రెండూ ఉన్నప్పుడు, చేతిలో కొద్ది డబ్బే ఉంటే, ముందు నిరుద్యోగ భృతి బాకీ తీర్చమంటాను. దాని చేతులు పొడవు.

భార్యాభర్తలు జాయింటుగా ఫైల్ చేసినప్పుడు చిక్కు పెద్దది. ఫెడరల్ జాయింట్ అయితే ఒహాయో కూడా జాయింటుగానే చేయాలి. రెస్టారెంటు భర్త పేరున, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం భార్యది, రిఫండ్ అంతా ఆమె జీతంలోంచి కోసిన పన్నే అయినా ఆగేది మొత్తం రిఫండ్. బాకీ లేని భార్యో భర్తో తన వాటా తిరిగి కోరే ఐఆర్ఎస్ 8379 ఫారం ఫెడరల్ రిఫండుకే పనికొస్తుంది, స్టేట్ దానికి జతచేసి పంపినా ఫలితం ఉండదు. స్టేట్ రిఫండ్ కోసం ఎవరి డబ్ల్యూ-2లో (యజమాని ఇచ్చే ఏడాది జీతం, పన్ను పట్టీలో) ఎంత ఒహాయో పన్ను కోశారో చూపే పట్టీ తయారుచేసి, బాకీ పాలసీ ఎవరి పేరున ఉందో చూపే కాగితంతో కలిపి అటార్నీ జనరల్ కలెక్షన్స్‌కు రాయిస్తాను.

పాలసీ ఎవరి పేరున ఉందన్న ప్రశ్న ఒంటరిగా ఉన్నవాళ్లకూ ముఖ్యమే. సెక్షన్ చెప్పేది రిఫండ్ రావాల్సిన వ్యక్తే బాకీదారుడై ఉండాలని. సోల్ ప్రొప్రైటర్‌కు వ్యాపారమూ తానూ ఒకటే. ఎల్‌ఎల్‌సీ, కార్పొరేషన్ లాంటి విడి సంస్థ పేరున ఉన్న బాకీకి యజమాని సొంత రిఫండ్ ఆగితే ఏ ఆధారంతో అని అడగాలి. తరచుగా కనిపించే తికమక ఏమిటంటే, మొదట సొంత పేరుతో మొదలుపెట్టి యూ-3 దరఖాస్తు ఇచ్చి పాలసీ తీసుకుంటారు, ఏడాది తర్వాత ఎల్‌ఎల్‌సీ పెట్టి జీతాలన్నీ దాని కిందికి మారుస్తారు, పాలసీని మాత్రం మార్చరు. అప్పుడు ఎల్‌ఎల్‌సీకి కవరేజీ లేదు, సొంత పేరున బాకీ ఉంది. రెండు వైపులా దెబ్బే.

క్లెయిమ్ ఖర్చు బాకీ గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే అక్కడ పని లాయరుది. కవరేజీ లేని రోజున ఉద్యోగికి వేడి నూనె పడి కాలినా బీడబ్ల్యూసీ ఉద్యోగికి చెల్లిస్తుంది, చెల్లించిన ప్రతి డాలరూ యజమాని దగ్గర రాబడుతుంది. 4123.77 ప్రకారం ఆ ఉద్యోగి సివిల్ కోర్టుకు కూడా వెళ్లవచ్చు. అప్పుడు తోటి పనివాడి తప్పనీ, ప్రమాదం తెలిసే పనిలో చేరాడనీ, అతని అజాగ్రత్త కూడా ఉందనీ వాదించే హక్కు యజమానికి ఉండదు. దివాలా ఆలోచన ఉన్నవాళ్లు ఒక తేడా గుర్తుంచుకుని లాయరును అడగాలి: ఒహాయో ప్రీమియం బాకీని ఎక్సైజ్ పన్నుగా లెక్కించాలని ఆరో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 1993లో చెప్పింది, క్లెయిమ్ ఖర్చుల రీయింబర్స్‌మెంటు అలాంటిది కాదని 1994లో అదే కోర్టు చెప్పింది. దివాలాలో పన్నులకు ఇచ్చే ప్రాధాన్యం వేరు కాబట్టి ఫలితం మారిపోతుంది.

నడుస్తున్న వ్యాపారాన్ని కొనేవాళ్లకు కూడా ఇది తగులుతుంది. గ్యాస్ స్టేషన్ మొత్తంగా కొని అదే పని కొనసాగిస్తే బీడబ్ల్యూసీ నిబంధనల ప్రకారం పాత యజమాని బాకీ, పాత ప్రమాదాల చరిత్ర కొత్త యజమానికి సంక్రమించవచ్చు. క్లోజింగుకు ముందే అమ్మేవారి అనుమతి తీసుకుని బీడబ్ల్యూసీ నుంచి పాలసీ బాకీల వివరం తెప్పించండి. జులై-ఆగస్టుల్లో కొంటుంటే అమ్మేవారి ట్రూ-అప్ అయిందో లేదో చూడండి, కాకపోతే కొంత సొమ్ము ఎస్క్రోలో (మధ్యవర్తి దగ్గర) ఉంచమనండి.

బాకీ తీరాక రెండు పనులు మిగులుతాయి. బీడబ్ల్యూసీ లీన్ (ఆస్తి మీద బాకీ హక్కు) కౌంటీ రికార్డర్ దగ్గర, తీర్పు నమోదు కోర్టు క్లర్కు దగ్గర ఉండొచ్చు. ఫ్రాంక్లిన్, డెలావేర్ కౌంటీల రికార్డులు ఆన్‌లైన్‌లో వెతకొచ్చు. రెండు చోట్లా రిలీజ్ పడిందో లేదో చూడాలి, లేకపోతే ఇల్లు రీఫైనాన్స్ చేసేటప్పుడు టైటిల్ కంపెనీ ఆపుతుంది. రెండోది పన్ను లెక్క. రిఫండ్ మీ చేతికి రాకపోయినా వచ్చినట్టే లెక్క, ప్రభుత్వం పంపే 1099-జీ ఫారంలో మొత్తం కనిపిస్తుంది. గత ఏడాది ఐటమైజ్ చేసి (ఖర్చులు ఒక్కొక్కటీ విడిగా చూపి) స్టేట్ టాక్స్ తగ్గించుకున్నవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అలాగే క్యాష్ పద్ధతిలో లెక్క చూపే సోల్ ప్రొప్రైటర్‌కు, ఆ రిఫండులో అసలు ప్రీమియం కింద జమైన భాగం జమైన ఏడాది వ్యాపార ఖర్చే. వ్యాపారం మూతపడినా షెడ్యూల్ సిలో (సొంత వ్యాపార లాభనష్టాల ఫారంలో) చూపుకోవచ్చు. జరిమానా కింద పోయిన భాగం మాత్రం ఖర్చుగా ఒప్పుకోరు. అందుకే జమ కట్టిన సొమ్ము దేనికి ఎంత పోయిందో విడగొట్టి చూపే స్టేట్‌మెంట్ అటార్నీ జనరల్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తీసుకుని ఆ ఏడాది టాక్స్ ఫైల్లో పెట్టుకోవాలి.